వారానికొక చిన్న నాణెం: ధన్య పౌలీన్ జరికో జీవితం

ప్రతి ఏటా అక్టోబరు నెలలో చివరి ఆదివారానికి ముందు వచ్చే ఆదివారాన్ని మనం మిషన్ ఆదివారంగా జరుపుకుంటాం. ఆనాడు దివ్యపూజలో సమర్పించే కానుక మన విచారణ ఖర్చులకు ఉండదు. అది రోముకు చేరి, అక్కడ నుంచి లోకం నలుమూలలా ఉన్న పేద మేత్రాసనాలకు వెళుతుంది. గుడి లేని ఊరికి గుడి కట్టడానికి, ఉపదేశికి జీతం ఇవ్వడానికి, గురువిద్యార్థులకు అన్నం పెట్టడానికి ఉపయోగపడుతుంది. మన తెలుగునాట మేత్రాసనాలు కూడా అలా వచ్చిన సహాయాన్ని అందుకొని ఎదిగినవే.

ఆ కానుక పళ్ళెం మన ముందుకు వచ్చినప్పుడు చీర కొంగు ముడి విప్పి నాణెం వేసిన అవ్వను, జేబు తడుముకొని నోటు వేసిన యువకుణ్ణి మీరు చూసే ఉంటారు. కానీ ఈ పద్ధతిని మొదట ఆలోచించింది ఎవరో మీకు తెలుసా? పీఠాధిపతి కాదు, గురువు కాదు, కన్యస్త్రీ కూడా కాదు. ఇరవై ఏళ్ళు నిండీ నిండని ఒక గృహస్థ యువతి. ఆమె పేరు పౌలీన్ మరియ జరికో. ఈ వారం ఆమె జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ముఖ్యంగా మన విచారణలలోని యువతులు దీనిని చదవాలని నా కోరిక.

పట్టు బట్టల పిల్ల

ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరం ఆ రోజుల్లో పట్టు నేతకు పేరు పొందింది. అక్కడ 1799 జూలై 22న ఆంత్వాన్ జరికో, జాన్ లాతియే దంపతులకు ఏడవ సంతానంగా పౌలీన్ జన్మించింది. తండ్రి కష్టపడి పైకి వచ్చిన పట్టు వ్యాపారి. ఇంట్లో సిరి ఉంది, భక్తి కూడా ఉంది. అన్నలు అక్కల మధ్య ఆఖరు బిడ్డ కనుక గారాబానికి కొదువ లేదు. తనకన్నా రెండేళ్ళు పెద్దవాడైన ఫిలేయాస్ అంటే ఆమెకు ప్రాణం. చైనా దేశానికి వెళ్ళి వేదబోధ చేయాలని ఆ అన్న చిన్ననాటి నుంచే కలలు కనేవాడు. చెల్లెలు తానూ వెంట వస్తానని మారాం చేసేది.

పదిహేనేళ్ళ వయసులో పౌలీన్ పీట మీద నుంచి జారి పడింది. ఆ దెబ్బ చిన్నది కాదు. నరాలు దెబ్బతిని, మాట తడబడి, నెలల తరబడి మంచం పట్టింది. అదే సమయంలో, 1814 చివర, తల్లి కన్నుమూసింది. పిల్ల మెల్లగా కోలుకుంది. కోలుకున్నాక మళ్ళీ పాత లోకమే పిలిచింది. అందమైన పిల్ల, ధనవంతుల బిడ్డ. కొత్త కొత్త దుస్తులు, నగలు, విందులు. తనను నలుగురూ చూసి మెచ్చుకోవాలని ఆమెకు ఆశ ఉండేది. ఇందులో ఆశ్చర్యం ఏముంది? ఆ వయసులో మనలో ఎవరికి ఆ ఆశ లేదు?

1816 తపస్కాలంలో ఒక ఆదివారం సెయింట్ నిజియే దేవాలయానికి ఆమె బాగా అలంకరించుకొని వెళ్ళింది. వుర్జ్ అనే గురువు ఆనాడు డాంబికం గురించి ప్రసంగించారు. ప్రసంగం విన్నవారు ఎందరో. ఇంటికి వెళ్ళి భోంచేసి మరచినవారూ ఎందరో. పౌలీన్ మాత్రం ఆ గురువు వద్దకు వెళ్ళి తన మనసు విప్పింది, పాపసంకీర్తనం చేసింది. నగలు అమ్మివేసింది. పట్టు దుస్తులు మాని, తండ్రి వంటి వ్యాపారుల దగ్గర పనిచేసే కూలి స్త్రీలు కట్టే ముతక బట్ట కట్టింది. ఆ బట్టతో వీధిలో నడవడం మొదట్లో తనకు ఎంతో సిగ్గుగా ఉండేదని ఆ తరువాత ఆమె దాచుకోకుండా చెప్పుకుంది. అదే సంవత్సరం క్రిస్మసు పండుగ నాడు ఫూర్వియేర్ కొండ మీద దేవమాత గుడిలో, ఎవరికీ తెలియకుండా, జీవితాంతం కన్యగా ఉంటానని దేవునికి మాట ఇచ్చింది.

చెల్లెమ్మలారా, ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆమె మఠంలో చేరలేదు. తండ్రి ఇంట్లోనే ఉండిపోయింది. నయంకాని రోగులున్న ఆసుపత్రులకు వెళ్ళి వారి పుండ్లు కడిగింది. పేదల ఇండ్లకు వెళ్ళింది. పట్టు మిల్లులలో పనిచేసే ఆడపిల్లలను కూడగట్టి ప్రార్థన నేర్పింది. ఇంత చేస్తున్న ఆమెకు అప్పుడు పదిహేడు, పద్దెనిమిదేళ్ళు!

పది మందికి ఒకరు

అన్న ఫిలేయాస్ గురువిద్య కోసం పారిస్ వెళ్ళాడు. అక్కడ నుంచి చెల్లెలికి జాబులు రాసేవాడు. దూరదేశాలలో వేదబోధకులు ఆకలితో, రోగాలతో మరణిస్తున్నారనీ, పంపడానికి మనుషులు ఉన్నా ఓడ ఖర్చులకు డబ్బు లేదనీ రాశాడు. ఫ్రెంచి విప్లవంలో శ్రీసభ ఆస్తులు పోయాయి. రాజులు, జమీందారులు ఇచ్చే దానాలు ఆగిపోయాయి. అందరూ ఎవరైనా పెద్ద దాత దొరుకుతాడేమోనని చూస్తున్నారు.

1819లో ఒక రాత్రి ఇంట్లో వారంతా పేకాట ఆడుకుంటుండగా పౌలీన్ చలిమంట దగ్గర కూర్చొని ఆలోచిస్తోంది. అప్పుడే ఆమెకు ఈ ఉపాయం తట్టింది. పెద్ద దాత కోసం ఎందుకు వెదకాలి? ప్రతి ఒక్కరూ వారానికి ఒక్క ‘సూ’ ఇస్తే చాలదా? సూ అంటే ఫ్రాంకులో ఇరవయ్యో వంతు. మనకు ఒకప్పుడు కానీ, దమ్మిడీ ఎలాగో వారికి అది అలాంటిది. ఇచ్చేవారు ప్రతి రోజూ ఒక చిన్న ప్రార్థన కూడా చేస్తారు. కానీ ఇంటింటికీ తిరిగి వసూలు చేసేది ఎవరు? అందుకూ ఆమె దారి కనిపెట్టింది. ఒక్కొక్కరు పది మందిని చూసుకోవాలి. అలాంటి పది గుంపులకు, అంటే వంద మందికి, ఒకరు పెద్ద. అలాంటి పది వందలకు, అంటే వెయ్యి మందికి, ఇంకొకరు. ఎవరి మీదా పెద్ద బరువు లేదు. పది ఇండ్లు తిరగడం ఎవరికి కష్టం?

లెక్క వేసి చూడండి. పది మంది వారానికి ఇచ్చేది అర ఫ్రాంకు. వంద మంది ఇచ్చేది ఐదు ఫ్రాంకులు. వెయ్యి మంది ఇచ్చేది యాభై ఫ్రాంకులు. ఏడాది తిరిగేసరికి ఆ వెయ్యి మంది చేతి నుంచే 2,600 ఫ్రాంకులు! ఆవగింజ వృక్షమైన ఉపమానం మనకు తెలిసిందే. పౌలీన్ ఆ ఉపమానాన్ని లెక్కల పుస్తకంలో రాసి చూపించింది.

మొదటి సూలు ఇచ్చింది ఎవరనుకుంటున్నారు? తన బంధువుల మిల్లులో పనిచేసే కూలి పిల్లలు. లియోన్ వీధుల్లోని పనివారు, పనిమనుషులు. పేద విధవరాలి రెండు కాసుల కానుక సువిశేషంలో ఒకసారి జరిగి ఆగిపోలేదని దీనిని బట్టి మనకు తెలుస్తోంది.

విమర్శలు కూడా వచ్చాయి. ఒక ఆడపిల్ల ఊరంతా డబ్బు వసూలు చేయడం ఏమిటని కొందరు, అందులో గురువులు కూడా, అభ్యంతరం చెప్పారు. ఆమె ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు, పని మాత్రం ఆపలేదు. ఆ సమయంలోనే అమెరికాలోని లూసియానా పీఠాధిపతి తమ మేత్రాసనానికి సహాయం కావాలని లియోన్ వారిని అర్థిస్తూ ఉన్నారు. చివరకు 1822 మే 3న లియోన్‌లో కొందరు గురువులు, గృహస్థ పెద్దలు సమావేశమయ్యారు. ఒక్క లూసియానా కోసం కాక, లోకంలోని మిషనులన్నిటి కోసం ఒకే సంఘం ఉండాలని నిర్ణయించారు. అదే విశ్వాస వ్యాప్తి సంఘం. వారు అనుసరించిన పద్ధతి పౌలీన్ కనిపెట్టిన పదుల పద్ధతే. ఆ సమావేశంలో కూర్చున్నవారంతా పురుషులే. ఆమెకు అక్కడ కుర్చీ లేదు.

మొదటి ఏడాదిలో దాదాపు 23 వేల ఫ్రాంకులు వసూలయ్యాయి. సూల లెక్కన చూస్తే సుమారు తొమ్మిది వేల మంది ఏడాది పొడవునా, వారం తప్పకుండా ఇచ్చినంత. ఆ సొమ్మును తూర్పు దేశాల మిషనులకు, అమెరికాలోని లూసియానాకు, కెంటకీకి పంచారు. ఏళ్ళు గడిచిన కొద్దీ అది ఇతర దేశాలకు పాకింది. తరువాతి కాలంలో యూరప్ నుంచి ఆసియా, ఆఫ్రికా ఖండాలకు బయలుదేరిన మిషనులలో చాలావాటికి ఆ చిన్న నాణేలే దారిఖర్చు అయ్యాయి.

జీవించే జపమాల

సంఘం పెద్దల చేతికి వెళ్ళాక పౌలీన్ పక్కకు తప్పుకొంది. అలిగి కూర్చోలేదు. కొన్ని ఏళ్ళు మౌనంగా ప్రార్థనలో గడిపింది. దివ్యసత్ప్రసాదం గురించి ఒక చిన్న పుస్తకం రాసింది. దాని మీద తన పేరు వేసుకోలేదు.

1826లో ఆమెకు ఇంకొక ఉపాయం తట్టింది. ఆ రోజుల్లో ఫ్రాన్సులో జపమాల దాదాపు ముసలివారి పనిగా మారింది. పని ఒత్తిడిలో ఉన్నవారు పూర్తి జపమాల చెప్పలేమని వదిలేస్తున్నారు. అప్పటికి జపమాలలో పదిహేను దేవరహస్యాలు. పదిహేను మందిని ఒక గుంపుగా చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యం పంచితే? ప్రతి ఒక్కరూ రోజుకు పది పూసలే చెబుతారు. కానీ గుంపు మొత్తం మీద ప్రతి రోజూ ఒక పూర్తి జపమాల దేవమాత పాదాల చెంతకు చేరుతుంది. నెలకొకసారి చీట్లు వేసి రహస్యాలు మార్చుకుంటారు. దీనికి ఆమె పెట్టిన పేరు జీవించే జపమాల. గుంపులో ఒకరు మానేస్తే మాల తెగుతుంది. అందుకే ఎవరూ మానేవారు కాదు. ధనవంతురాలు, పనిమనిషి ఒకే మాలలో పక్క పక్క పూసలయ్యారు.

1832లో 16వ గ్రెగోరి జగద్గురువులు దీనికి ఆమోదం తెలిపారు. కొద్ది ఏళ్ళలోనే లక్షల మంది చేరారు. వారి ద్వారా మంచి పుస్తకాలు ఇంటింటికీ చేరాయి. తరువాత 1843లో ఫోర్బిన్ జాన్సన్ పీఠాధిపతి తిరుబాల సభను స్థాపించినప్పుడు కూడా ముందుగా పౌలీన్‌తో మాట్లాడి సలహా తీసుకున్నారు. మన విచారణలలో పిల్లలను తిరుబాల సభలో చేర్పించే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంతలో ఆరోగ్యం పూర్తిగా క్షీణించింది. గుండె జబ్బుతో, దారిలోనే చనిపోతుందని అందరూ అనుకునే స్థితిలో 1835లో ఇటలీకి ప్రయాణమైంది. రోములో ఆమె పడుకొని ఉన్న మఠానికి గ్రెగోరి జగద్గురువులు స్వయంగా వచ్చి పరామర్శించారు. అక్కడ నుంచి ముఞ్ఞానోలోని పునీత ఫిలోమినమ్మ క్షేత్రానికి వెళ్ళింది. ఆగస్టు 10న అక్కడ ఆమెకు స్వస్థత కలిగింది. మన గుడులలో ఫిలోమినమ్మ స్వరూపం ముందు వత్తి వెలిగించేవారికి ఇది సంతోషం కలిగించే సంగతి. అర్స్ విచారణ గురువు పునీత జాన్ మరియ వియాన్నీ గారికి ఫిలోమినమ్మ పవిత్ర అవశేషం చేరింది జరికో కుటుంబం ద్వారానే. ఆయన పౌలీన్‌కు జీవితాంతం ఆత్మీయులు.

కుప్పకూలిన కల

ప్రియ పాఠకులారా, పునీతుల చరిత్రలు ఇక్కడితో ఆపితే మనకు హాయిగా ఉంటుంది. కానీ పౌలీన్ జీవితంలోని అసలు పరీక్ష ఇక్కడి నుంచే మొదలవుతుంది.

లియోన్ పట్టు నేత కార్మికులు రోజుకు పద్నాలుగు గంటలకు పైగా మగ్గం మీద కూర్చొని కూడా కడుపు నింపుకోలేకపోయేవారు. కూలి రేటు కోసం 1831లో, మళ్ళీ 1834లో వారు తిరగబడ్డారు. సైన్యం అణచివేసింది. 1834లో వందల మంది చనిపోయారు. పౌలీన్ అప్పుడు ఫూర్వియేర్ కొండ వాలులో లొరేతు అనే ఇంట్లో కొందరు సహచరులతో నివసిస్తోంది. కొండ కింద జరిగినదంతా ఆమె కళ్ళ ముందే జరిగింది. తన తండ్రి సంపాదించిన సిరి ఏ మగ్గాల మీద నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. కూలివానికి ప్రార్థన నేర్పితే సరిపోదు, వాని పిల్లలకు రొట్టె, ఆదివారం విశ్రాంతి, తలదాచుకోవడానికి ఇల్లు ఉండాలి అనే నమ్మకం ఆమెలో స్థిరపడింది. కార్మికుల హక్కుల గురించి 13వ లియో జగద్గురువులు 1891లో విశ్వలేఖ రాయడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందు సంగతి ఇది.

1845లో దక్షిణ ఫ్రాన్సులోని రుస్త్రెల్ అనే చోట ఒక ఇనుము కరిగించే కర్మాగారాన్ని ఆమె కొన్నది. అక్కడ న్యాయమైన కూలి, కుటుంబాలకు ఇండ్లు, పిల్లలకు బడి, ప్రార్థనకు గుడి ఉండాలని ఆమె కల. తన ఆస్తి అంతా అందులో పెట్టింది. ఆమె మీద నమ్మకంతో ఎందరో, వారిలో పేదవారు కూడా, తాము దాచుకున్న డబ్బు అప్పుగా ఇచ్చారు. కానీ నిర్వహణ అప్పగించిన మనుషులు మోసగాళ్ళు. పైకి భక్తి చూపి లోపల సొమ్ము తిన్నారు. కర్మాగారం దివాలా తీసింది.

ఆమె తప్పు లేదా? ఉంది. మనుషులను తొందరగా నమ్మింది. పది సూల లెక్కను అంత జాగ్రత్తగా చూసిన మనిషి, పెద్ద సొమ్ము దగ్గర లెక్కను ఇతరులకు వదిలివేసింది. దేవుని పని కదా అని లెక్క అడగడం మానుకునే మనకందరికీ ఇందులో పాఠం ఉంది. యువతీ సంఘంలో, మహిళా మండలిలో, పొదుపు సంఘంలో డబ్బు చూసే అక్కచెల్లెళ్ళారా, నమ్మకం ఉన్నచోటనే రసీదు పుస్తకం కూడా ఉండాలి.

అయితే ఆ తరువాత ఆమె చేసిన పని చూడండి. మోసం చేసింది వాళ్ళు, నాకేమి సంబంధం అని ఆమె చేతులు దులుపుకోలేదు. నన్ను నమ్మి ఇచ్చారు కనుక బాకీ నాదే అన్నది. ముఖ్యంగా పేదల బాకీ. ఒంట్లో శక్తి లేకపోయినా ఫ్రాన్సులో ఊరూరా తిరిగి చేయి చాచింది. లక్షల మందిని ఒక్కటిగా చేసిన ఆ చేతిని చూసి తలుపులు మూసుకున్నవారు ఉన్నారు. మోసగత్తె అన్నవారు ఉన్నారు. అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, విశ్వాస వ్యాప్తి సంఘం పెద్దలను సహాయం అడిగితే వారు నిరాకరించారు. ఆ సంఘానికి ఆమె స్థాపకురాలని కూడా ఒప్పుకోలేదు. 1853లో పట్టు వ్యాపారి కూతురి పేరు విచారణలోని పేదల జాబితాలో చేరింది.

పగ పట్టడానికి ఆమెకు కారణాలు లేకపోలేదు. కానీ తనను మోసగించినవారి కోసం, తనను కాదన్నవారి కోసం ఆమె ప్రార్థించింది. అర్స్ గురువు వియాన్నీ గారు సిలువను ఎలా మోయాలో తెలిసిన మనిషిగా ఆమెను తన విచారణ ప్రజల ముందు పేర్కొన్నారు. ఆమె తనను చూడడానికి వచ్చినప్పుడు ఒక చిన్న కొయ్య సిలువను ఇచ్చారు.

బాకీలు తీర్చే ప్రయాసలోనే 1862 జనవరి 9న లొరేతు ఇంట్లో పౌలీన్ కన్నుమూసింది. ఆమెకు అరవై రెండేళ్ళు.

విత్తనం చనిపోతేనే

మనుషులు మరచినవారిని దేవుడు మరచిపోడు. 1881లో 13వ లియో జగద్గురువులు ఆ సంఘం ఆలోచన పౌలీన్‌దేనని గుర్తించారు. 1922 మే 3న, సంఘం పుట్టి సరిగ్గా నూరేళ్ళకు, 11వ పియస్ జగద్గురువులు దానిని పోపుగారి సంఘంగా చేసి రోముకు మార్చారు. 1926లో మిషన్ ఆదివారం ఏర్పడింది. 1963లో 23వ జాన్ జగద్గురువులు ఆమెను పూజ్యురాలిగా ప్రకటించారు. 2012లో లియోన్ నగరంలో గొంతులో ఆహారం అడ్డుపడి, వైద్యులు ఆశ వదులుకున్న మూడేళ్ళ పాపకు ఆమె మధ్యవర్తిత్వం ద్వారా స్వస్థత కలిగిందని శ్రీసభ అంగీకరించింది. 2022 మే 22న లియోన్‌లోనే ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. ఆమె భౌతికకాయం సెయింట్ నిజియే దేవాలయంలో ఉంది. పదహారేళ్ళ పిల్లగా బాగా అలంకరించుకొని వెళ్ళి, ఒక ప్రసంగం విని, మనసు మార్చుకొని వచ్చిన గుడి అదే.

చెల్లెమ్మలారా, మీలో ఎందరో పాటలు రాస్తున్నారు, పిల్లలకు సత్యోపదేశం చెబుతున్నారు, గుడికి పూలు కడుతున్నారు, జబ్బుపడినవారి ఇండ్లకు వెళుతున్నారు. నా దగ్గర డబ్బు లేదు, నేను మఠంలో చేరలేదు, నా మాట ఎవరు వింటారు అని వెనుకంజ వేస్తున్నారా? పౌలీన్ దగ్గర మొదట ఉన్నది ఒక్క ఆలోచన, పది మంది స్నేహితురాళ్ళు. ఆమెకు సమావేశంలో కుర్చీ దొరకలేదు, పని మాత్రం ఆగలేదు. పేరు దక్కలేదు, ఫలం మాత్రం లోకమంతా పండింది. చేసిన పని దేవునిది అయితే, పేరు ఎవరిదైతేనేమి? అయితే తప్పు జరిగినప్పుడు మాత్రం ఆమె తన పేరు దాచుకోలేదు. మంచి పనికి పేరు వద్దని, బాకీకి పేరు పెట్టుకున్న మనిషి ఆమె. ఆమె పవిత్రత అంతా నాకు ఇందులోనే కనిపిస్తుంది.

ఈ వారం ఒక పని చేద్దాం. మీ వీధిలో ఒక్క గుంపును కూర్చండి. ఇప్పుడు జపమాలలో ఇరవై దేవరహస్యాలు ఉన్నాయి కనుక ఇరవై మందైనా సరే, దొరకకపోతే ఐదుగురైనా సరే. ఒక్కొక్కరు ఒక రహస్యం పంచుకోండి. వచ్చే అక్టోబరు వరకు ఆగకుండా, వారానికొక చిన్న నాణెం ఒక డబ్బాలో వేయండి. లెక్క రాయండి. మిషన్ ఆదివారం నాడు ఆ డబ్బాను పీఠం ముందు పెట్టండి. జనవరి 9న ఆమె పండుగ వచ్చినప్పుడు, మన పిల్లలకు ఆమె కథ చెప్పండి.

ధన్య పౌలీన్ జరికో, మా యువతుల కొరకు, అప్పుల్లో ఉన్నవారి కొరకు, మరచిపోబడిన సేవకులందరి కొరకు ప్రార్థించండి. ఆమెన్.